గార్డుబాబు ఉపవాసం

ఎలీసమ్మ ఇంట్లో ఎవరూ ఆకలితో ఉండకూడదు. పాలవాడైనా, మీటరు చూడడానికొచ్చిన కరెంటువాడైనా, పక్క క్వార్టర్ పిల్లి అయినా సరే, గుమ్మం తొక్కితే ఏదో ఒకటి నోట్లో పడ్డాకే కదలాలి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెనక వరండాలోకి వచ్చి, ఇంట్లో పెరుగుతున్న కుందేలు తల వంచి, తన పెంటికలు తానే తింటూ ఉండగా చూసింది. ఇంకేముంది, కొంప మునిగినట్టే అయింది.

"ఓలమ్మ, ఏంజలినా, ఇటు రాయే. సూడు దీని గతి. ఆకలికి తట్టుకోలేక పెంట తింటన్నాది."

ఏంజలిన్ గిన్నెలు తోముతున్న చేతులతోనే వచ్చింది. ఎలీసమ్మ కోడలు ఆమె. హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ ఆఫీసులో పని చేస్తుంది. ఆ హాస్టల్లో ఉండి చదువుకున్న శ్రావణి అనే తెలుగు పిల్ల, గదిలో దొంగచాటుగా పెంచుకున్న ఈ తెల్ల కుందేలును, చదువు ముగించి పుణె వెళ్ళిపోతూ ఏంజలిన్ చేతుల్లో పెట్టి ఏడ్చింది. దాని తిండి, నిద్ర, అలక అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి మరీ వెళ్ళింది. వచ్చిన కొత్తలో ఎలీసమ్మ నానా యాగీ చేసింది, ఇది ఇల్లా సంతా అని. వారం తిరక్కుండా ఆమే దానికి పేరు పెట్టింది. రైలు గార్డులా తెల్ల డ్రెస్సులో వాకిట్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళను చూస్తుందని గార్డుబాబు అంది. అప్పటినుంచీ అది ఎలీసమ్మ కుందేలే, మాటవరసకి ఏంజలిన్‌ది.

"అది ఆకలికి కాదత్తా," అంది ఏంజలిన్. "అది రెండు రకాలేస్తాది. గట్టివి ఒగ్గేస్తాది. మెత్తగా చిన్న గుత్తిలాగ ఉంటాయే, అవి మళ్ళీ తింటాది. మొదటిసారి ఒంటబట్టని సత్తువ రెండోసారి పడతాదంట. కుందేళ్ళన్నీ అంతేనని శ్రావణి సెప్పింది."

"కడుపు నిండిన జంతువు పెంట ముడతాదేటే? నా ఇంట్లో ఉండి, నా కళ్ళెదుట."

ఏంజలిన్‌తో ఉన్న చిక్కేమిటంటే, ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది, అదీ మెల్లగా. ఎదుటివాళ్ళు వింటే విన్నారు, లేకపోతే లేదు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ అత్తగారికి రెండోసారి చెప్పిన మాట ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. ఎలీసమ్మ చెడ్డమనిషేమీ కాదు. ఆమె గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, మనసు ఆ రెండింటికన్నా పెద్దది. ఆమె ప్రేమకు అడ్డం వెళ్ళాలంటే ఎవరికైనా సిగ్గేస్తుంది. ఏంజలిన్ చేతులు కడుక్కుని ఆఫీసుకు వెళ్ళిపోయింది.

ఇక గార్డుబాబుకు పండగ మొదలైంది. సాయంత్రమైతే ఖరగ్‌పూర్‌లో బెంగాలీ లేదు, తెలుగు లేదు, ఒరియా లేదు, అందరూ ముఢీ తినాల్సిందే. ముఢీ అంటే మన మరమరాలే. ఇంట్లో మనుషులకు ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపిన ముఢీ, గార్డుబాబుకు ఉత్తి ముఢీ గిన్నె నిండా. పొద్దున మేరీ బిస్కట్లు టీలో ముంచకుండా. మధ్యాహ్నం అరటిపండు. రాత్రి చపాతీ ముక్క. శుక్రవారం ప్రార్థన కూటానికి వచ్చే ఆడవాళ్ళకు ఎలీసమ్మ చెప్పింది, పాపం ఇది ఆకలికి పెంట తింటన్నాదని. వాళ్ళంతా దయగలవాళ్ళు. సంచుల్లోంచి రస్కులు, కేకు ముక్కలు, జంతికలు దిగాయి. మూలనున్న ఎండుగడ్డి కట్టను గార్డుబాబు మరి కన్నెత్తి చూడలేదు. దానికేం తెలుసు, తీపి దొరికితే చేదు ఎవరు తింటారు.

కొద్దిరోజులకు వరండా అంతా కంపు. అంతకుముందు గార్డుబాబు పెంటికలు బఠాణీ గింజల్లా పొడిగా, గుండ్రంగా ఉండేవి, చీపురుతో ఊడిస్తే దొర్లిపోయేవి. ఇప్పుడు నల్లగా, జిగటగా, గచ్చుకు అంటుకుపోయి, దాని తోకకింద బొచ్చుకు గడ్డకట్టి వేలాడుతున్నాయి. తినాల్సిన మెత్తవాటిని అది తినడం మానేసింది, ఒళ్ళు బరువెక్కి వంగలేకపోతోంది. ఏంజలిన్ గోరువెచ్చని నీళ్ళతో దాని వెనకభాగం తుడుస్తూ ఉంటే ఎలీసమ్మ దూరం నుంచి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూసింది.

"మోషన్లు పట్టుకున్నాయి," అని తేల్చేసింది. "నాకు తెలుసు దీని మందు. ముందు ఆ గడ్డి ఆపాల. పచ్చిది ఏదీ ముట్టించొద్దు."

"గడ్డి ఆపకూడదత్తా. గడ్డే దీనికి తిండి. ముఢీ ఆపుదాం."

"ముఢీ తేలిక. రోగిష్టోళ్ళకి పెట్టేది ముఢీయే కదా."

ఇదిగో, ఇక్కడే ఏంజలిన్ రెండోసారి చెప్పాల్సింది. చెప్పలేదు. ఎలీసమ్మ గంజి కాచింది, అమ్మమ్మగారి ఊరు టెక్కలి మందు అది. నానబెట్టిన అటుకుల్లో పెరుగు కలిపింది, అది పక్కింటి బెంగాలీ దీదీ మందు. ఒక కుందేలు కడుపు మీదకు రెండు రాష్ట్రాల వైద్యం కట్టగట్టుకుని దిగింది. మొదటిరోజు గార్డుబాబు కొంచెం నాకింది. రెండోరోజు పెంటికలు మిరియాలంత అయ్యాయి, ఒకదానికొకటి బొచ్చుపోగుతో గుచ్చుకుని దండలా వచ్చాయి. తర్వాతి రోజు పొద్దున ట్రే చూస్తే అద్దంలా ఉంది. ఒక్క పెంటిక లేదు.

"కట్టినాయి," అంది ఎలీసమ్మ ఎంతో సంబరంగా. "మోషన్లు కట్టినాయి. సూసినావా, నా గంజి."

ఏంజలిన్ ట్రే వంక చూడడం లేదు, కుందేలు వంక చూస్తోంది. అది మూలకు చేరి, వీపు గుండ్రంగా ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. దగ్గరగా చెవి పెట్టి వింటే పళ్ళు నూరుతున్న చప్పుడు. కొత్తిమీర కట్ట ముక్కు దగ్గర పెడితే తల తిప్పుకుంది. గార్డుబాబు కొత్తిమీర వద్దనడమంటే, ఎలీసమ్మ ప్రార్థన వద్దన్నట్టు. ఏంజలిన్ వెంటనే శ్రావణికి ఫోన్ చేసి కెమెరాలో చూపించింది.

"అక్కా, పెంటికలు ఎప్పటినుంచి లేవు?" అంది శ్రావణి. "కుందేలు పేగులు ఆగకూడదక్కా. ఆగితే రోజు తిరక్కుండా ప్రాణం పోతుంది. నువ్వు ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఇప్పుడే."

ఏంజలిన్ ఆఫీసుకు సెలవు పెట్టింది. కూరగాయల బుట్టలో పాత తువ్వాలు పరిచి, గార్డుబాబును అందులో కూర్చోబెట్టి, సైకిల్ ముందు కట్టుకుని ఖరిదా బజారుకు వెళ్ళింది. అక్కడ మందుల దుకాణం మేడమీద కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్ దీదీ ఒకామె కూర్చుంటుంది. ఆమె గార్డుబాబు పొట్ట వేళ్ళతో నెమ్మదిగా తడిమింది, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. ఏం పెట్టారని అడిగింది. ఏంజలిన్ చెబుతూపోతే ఆమె వింటూ తల పట్టుకుంది.

"గ్యాస్ ఉంది. పేగులు దాదాపు నిలిచిపోయాయి," అంది హిందీలో. "అడ్డం ఏదీ పడినట్టు లేదు, అదొక్కటే అదృష్టం." చర్మం కింద నీళ్ళు ఎక్కించింది, నొప్పికి ఒక మందు, పేగులు కదలడానికి ఒక మందు ఇచ్చింది. సూది లేని సిరంజి ఒకటి చేతిలో పెట్టింది. "ఎండుగడ్డి పొడిచేసి, నానబెట్టి, మెత్తగా చేసి రెండేసి గంటలకు నోటి పక్కనుంచి పట్టించు. పొట్ట నిమురు. కొంచెం నడిపించు. భూఖా మత్ రఖ్‌నా. అన్నిటికన్నా ముఖ్యం అదే. ఖాళీ కడుపుతో ఉంచావా, దీన్ని మళ్ళీ నా దగ్గరికి తేవక్కర్లేదు."

ఆకలితో ఉంచకు. ఎలీసమ్మ ఇంటి కోడలికి ఈ మాట చెప్పాల్సిరావడం చూస్తే ఏంజలిన్‌కు నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే.

ఇల్లు చేరేసరికి వాకిట్లో దోర్కా కనబడింది. దోర్కా అంటే వెనక లైనులో ఉండే ఆవిడ, స్త్రీల సమాజంలో ఎలీసమ్మకు కుడిభుజం. చాపలు దులిపి పోగేస్తోంది.

"రేపు మీ ఇంట్లో ఉపవాస ప్రార్థన తల్లీ. పొద్దున్నించి సాయంత్రం దాకా. అందరికీ కబురెళ్ళిపోయినాది."

"దేనికి పిన్నీ?"

"దేనికేటి? గార్డుబాబుకే. నువ్వు దాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళినప్పట్నుంచి మీ అత్త ఏడుస్తానే ఉన్నాదంట."

ఏంజలిన్‌కు కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. ఒక కుందేలు కోసం ఇంతమంది ఆడవాళ్ళు పస్తుంటారంటే ఎవరికి మనసు కరగదు. ఆ రాత్రి ఆమె దానికి పెట్టాల్సింది పెట్టింది, పొద్దున లేస్తూనే మళ్ళీ పెట్టింది. ఎలీసమ్మ కాదనలేదు. అందరూ వచ్చి చాపల మీద సర్దుకున్నాక మాత్రం ఆమె గార్డుబాబు బుట్టను తెచ్చి గది మధ్యలో పెట్టి, తువ్వాలు కప్పి, ఏంజలిన్ చేతిలోని గిన్నె వంక చూసింది.

"అది లోపలెట్టేయ్. ఇప్పటి నుంచి సాయంత్రం కూటం అయ్యేదాకా ఈ ఇంట్లో ఎవులూ ఏటీ ముట్టరు."

"మనం ముట్టంలే అత్తా. ఇది దానికి."

"అది మాత్రం ఈ ఇంట్లోది కాదేటి? బైబిల్లో నీనెవె పట్నం మీదకి కీడొస్తాదంటే రాజు మనుషులతో పాటు గొడ్లకీ గొర్రెలకీ ఉపవాసం పెట్టినాడు. ప్రభువు కరుణించినాడు. రోగం దీనిది, ఉపవాసం మనదీనా? దీనిక్కూడా ఉండాల."

చాపల మీద ఆడవాళ్ళంతా అవునన్నట్టు తలూపారు. అదొక న్యాయంలా వినబడింది మరి. లంకణం పరమౌషధమని ఇళ్ళల్లో, గొడ్లు కూడా పస్తున్నాయని వాక్యంలో, రెండూ ఒకచోట కలిస్తే ఎవరు కాదంటారు. ఏంజలిన్ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాట మొదలైంది.

ఆమె వంటింటి గుమ్మంలో నేలమీద కూర్చుంది. పాట అయింది, ఒకావిడ ప్రార్థన అందుకుంది, తర్వాత ఇంకొకావిడ. గార్డుబాబు పేరు ఇంతమంది నోట ఇన్నిసార్లు వినబడడం బాగానే ఉంది. గార్డుబాబు మాత్రం బుట్టలో కదలడం లేదు. తువ్వాలు పైకీ కిందికీ మెల్లగా ఆడుతోంది, అంతే. గోడ గడియారం చూస్తే, దానికి తిండి పెట్టి రెండు గంటలు దాటిపోయింది. పక్కనున్న గిన్నెలో గడ్డిపిండి ఉబ్బి చిక్కబడింది. ఏంజలిన్ అందులో గోరువెచ్చని నీళ్ళు కొంచెం పోసి కలిపింది. కలుపుతూ ఉంటే ఆమెకు కోపమొచ్చింది. అత్త మీద కాదు, దోర్కా మీద కాదు, ముందు తన నోటి మీద వచ్చింది. ఒక్కసారి చెప్పి ఊరుకునే ఈ నోటిని ఏం చేసుకోవాలి. మర్యాద మర్యాద అని ఇన్నాళ్ళు కూర్చుంటే, ఆ మర్యాద ఖరీదు ఇప్పుడు బుట్టలో పళ్ళు నూరుతున్నది కడుతోంది.

ఫోన్ తీసి రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీలో ఉన్న మొగుడికి చేసింది.

"వస్తా వస్తా లైను పక్కన పచ్చగడ్డి కోసుకురండి. మందులు కొట్టని చోట. శుభ్రమైంది, గరిక."

"అమ్మ ఊరుకుంటాదా?" అన్నాడు జాకబ్. తల్లి మాట వస్తే నలభై ఏళ్ళ మనిషి కాస్తా నిక్కరేసుకుంటాడు.

"అమ్మ సంగతి నేను సూసుకుంటాను. మీరు గడ్డి తెండి."

లేచింది. గిన్నె ఎడమచేత, సిరంజి కుడిచేత పట్టుకుని, మోకాళ్ళ మీదున్నవాళ్ళ మధ్యనుంచి, పాటల పుస్తకాలు తొక్కకుండా చూసుకుంటూ గది మధ్యకు నడిచింది. కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థిస్తున్న దోర్కా అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచి, నోరు కూడా అలాగే తెరుచుకుని ఆగిపోయింది. ఏంజలిన్ కింద కూర్చుని, గార్డుబాబును ఒళ్ళోకి తీసుకుని, పెదవి పక్క సందులోంచి సిరంజి లోపలికి పోనిచ్చి, కొంచెం నొక్కింది. అది మొహం చిట్లించింది. దవడ కదిలింది. మింగింది.

"ఏటి సేస్తన్నావు?" అంది ఎలీసమ్మ. అరవలేదు. అదే భయం.

"తిండి పెడతన్నాను."

"కూటం అవ్వలేదు."

"అవ్వనీ. మీరు సేసుకోండి. నేను అడ్డం రాను."

"ఏంజలినా. ఇంతమంది పస్తుండి మోకాళ్ళ మీద ఉంటే, నువ్వు మధ్యలోకొచ్చి ఉపవాసం ఇరుస్తావా?"

ఏంజలిన్ మళ్ళీ సిరంజి నింపింది. గడ్డినీళ్ళు చీరమీద పడ్డాయి, తుడుచుకోలేదు.

"నీనెవె వోళ్ళు పాపం సేసినారు, పస్తున్నారు. ఇది ఏ పాపం సేసినాదత్తా? మనం పెట్టింది తిన్నాది. బిస్కట్టు పెడితే తిన్నాది, ముఢీ పెడితే తిన్నాది, కేకు పెడితే తిన్నాది. తిన్నందుకు కడుపాగిపోయినాది. ఇప్పుడు మళ్ళీ మన తప్పుకి దీన్నే పస్తు పెడదామా?"

సంచుల్లో రస్కులు తెచ్చినవాళ్ళు సంచులు ఒళ్ళోకి లాక్కున్నారు.

"అంటే నా సేతి తిండి ఇసమంటావు," అంది ఎలీసమ్మ. ఆ ముసలి మొహం అప్పుడు చూడాలి. కోపం కాదు అది, దెబ్బ. "నా సేతి ముద్ద తిని ఇంతవరకు ఎవులు సచ్చినారే?"

"ఎవులూ సావలేదు. ఇది సస్తాది. డాక్టర్ దీదీ సెప్పినాది, ఖాళీ కడుపుతో ఉంటే సస్తాదని. నేను ముందే సెప్పినాను గడ్డి ఆపొద్దని. ఒక్కసారి సెప్పి నోరుమూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. సాయంత్రం దాకా రెండు గంటలకోసారి వస్తాను, ఇక్కడే కూకుని పెడతాను. నన్ను సమాజం నుంచి తీసేస్తారా, తీసేయండి. ఇంట్లోంచి పొమ్మంటావా, దీన్ని తీసుకుని పోతాను. తిండి మాత్రం ఆపను."

దోర్కా, పాపం, సర్దుదామని చూసింది. "తల్లీ, ఒక్క పూటకి ఏటవుతాది..."

"పిన్నీ, నువ్వు పస్తున్నావు, సాయంత్రం టీ తాగి ఇంటికెళ్తావు. ఇది ఎక్కడికెళ్తాదో సెప్పు."

ఏంజలిన్ మూడోసారి సిరంజి నింపి పట్టించింది, మూతి తుడిచింది, కుందేలును ఒళ్ళోనే తిప్పుకుని పొట్ట నెమ్మదిగా నిమిరింది. పొట్ట గట్టిగా, ఉబ్బిన బెలూన్‌లా ఉంది.

ఎలీసమ్మ ఆ చేతుల వంక చూసి, పైట నడుముకు దోపుకుని అందరూ వినేలా అంది: "సరే. అది తిననీ. దాని ఉపవాసం నాను ఉంటాను. అది పెంటిక ఏసేదాకా నాను మంచినీళ్ళు కూడా ముట్టను. సాయంత్రమైనా సరే, రేపైనా సరే. సూద్దాం."

ఇదీ ఆ ఇంటి వరస. ఒకతి తినిపించడం ఆపనంటుంది, ఇంకొకతి తినడం మొదలుపెట్టనంటుంది. ఇద్దరికీ మధ్య రెండు కిలోలైనా లేని కుందేలు. దాని పేగుల మీద ఇద్దరి పంతం వేలాడుతోంది.

కూటం సాగింది. ఏంజలిన్ చెప్పినట్టే వస్తూ పోతూ ఉంది. వచ్చిన ప్రతిసారీ ప్రార్థిస్తున్నవాళ్ళు ఒక క్షణం గొంతు తగ్గించారు, చోటిచ్చారు, కొంచెంసేపటికి ఒకావిడ బుట్ట పక్కకు జరిగి ఆమె చీరకొంగు గిన్నెలో పడకుండా పట్టుకుంది. ఎలీసమ్మ అటు చూడలేదు. ఎండ వాలాక చివరి ప్రార్థన అయింది. టీలు వచ్చాయి, అందరూ తాగి లేచారు. ఎలీసమ్మ గ్లాసు ముట్టలేదు. వెళ్ళిపోతూ దోర్కా ఏంజలిన్‌తో మాట్లాడలేదు, ఎలీసమ్మ చెవిలో ఏదో అని తల అడ్డంగా ఊపుతూ వెళ్ళింది. రేపటికి న్యూ సెటిల్‌మెంట్ అంతా తెలుస్తుంది, ఎలీసమ్మ కోడలు ఉపవాసం విరిచిందని. తెలియనీ, అనుకుంది ఏంజలిన్.

జాకబ్ టిఫిన్ డబ్బా సంచిలో గరిక కూరుకుని వచ్చాడు. వాకిట్లోనే గాలి పసిగట్టేశాడు. తల్లి ఒక గోడకు, పెళ్ళాం ఒక గోడకు ఆనుకుని కూర్చున్నారు, నడుమ గచ్చు మీద కుందేలు.

"అమ్మా, నీకు షుగరుంది. కొంచెం ఏదన్నా..."

"నోరుమూసుకో."

"ఏంజీ, నువ్వైనా సెప్పు."

"నేను సెప్పను. ఆమె పంతం ఆమెది. గడ్డి ఇటియ్యండి."

గడ్డి కడిగి, నీళ్ళు దులిపి, ఒక్కొక్క పోచ గార్డుబాబు ముక్కు ముందు పట్టింది. అది వాసన చూసింది. తల తిప్పుకుంది. ఏంజలిన్‌కు ఏడుపొచ్చింది, మింగింది. ఇంకో పోచ. మళ్ళీ తిప్పుకుంది. గార్డుబాబు చచ్చిపోతే రేపు అందరూ ఏమంటారో తెలుసు: ఉపవాసం విరిచింది, అందుకే పోయిందంటారు. జీవితాంతం అంటారు. అననీ. అన్నా సరే, ఆకలితో మాత్రం పోనివ్వలేదుగా. దాన్ని లేపి నాలుగు అడుగులు నడిపించింది. పొట్ట నిమిరింది. మళ్ళీ పోచ పట్టింది.

కుందేలు మూతి కదిలింది. పోచ కొస లోపలికి పోయింది, తర్వాత మిగతాది కూడా, కొంచెం కొంచెంగా, కరకర నములుతూ. గదిలో ముగ్గురు మనుషులు ఊపిరి తీయడం మానేశారు. అది ఇంకో పోచ అందుకుంది. తర్వాత వీపు సాగదీసి, ఎలీసమ్మ వైపు రెండు గెంతులు గెంతి, ఆమె కాళ్ళ దగ్గర ఆగి, ఏ సంగతీ ఎరగనట్టు కూర్చుంది. అక్కడినుంచి కదిలాక గచ్చు మీద పెంటికలు ఉన్నాయి. చిన్నవే. ఒకటి వంకర, ఒకటి బొచ్చుతో ఉంది. కాని పెంటికలే.

ఎలీసమ్మ వంగి ఒకటి వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుంది. మొన్న ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి. అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"ప్రభువు విన్నాడు," అంది.

"విన్నాడు," అంది ఏంజలిన్. "విని గడ్డి వెయ్యమన్నాడు."

జాకబ్ ఎక్కడ పిడుగు పడుతుందోనని తలుపు వైపు చూశాడు. ఏంజలిన్ లేచి వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టుకుని వచ్చింది. అత్త ముందు పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"అత్తా, అందరి ముందర నన్ను ఉపవాసం ఇరిసినదన్నావు. దోర్కా పిన్ని ఈ పాటికి ఊరంతా సెప్పేసి ఉంటాది. ఇప్పుడు ఇది ఎలా బతికినాదో కూడా నువ్వే సెప్పాల. నేను సెప్తే సాకంటారు."

ఎలీసమ్మ తల ఎత్తి కోడలి వంక చూసింది. ఆ చూపుకు ఇదివరకైతే ఏంజలిన్ పళ్ళెం కింద పెట్టేసి తప్పుకునేది. ఇప్పుడు కదల్లేదు. పప్పు చల్లారిపోతోంది, చల్లారనీ అన్నట్టు నిలబడింది. ముసలావిడ పైటలోంచి ఫోన్ తీసి, కళ్ళకు దూరంగా పట్టుకుని వెతికి, నొక్కింది. స్పీకర్ ఆపడం ఆమెకు ఎప్పుడూ రాదు.

"దోర్కా. గార్డుబాబు పెంటికలేసినాది."

"దేవునికి స్తోత్రం," అంది దోర్కా గొంతు, గది నిండా. "నాను సెప్పలేదా అక్కా. మన ఉపవాసం ఊరికే పోతాదేటి. ఆదివారం గుళ్ళో నువ్వు సాక్ష్యం సెప్పాల, అందరి ముందర."

"సెప్తాను," అంది ఎలీసమ్మ. అరచేతిలోని పెంటికను ఇంకోసారి చూసుకుంది. "నా కోడలు నా మాట ఇనలేదు, అందుకే గార్డుబాబు బతికినాదని సెప్తాను."

ఎలీసమ్మ ఫోన్ కింద పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, పళ్ళెం కోసం చెయ్యి చాపింది.